ఊరు ఎన్ని ముక్కలైనా బడి ఒక్కటిగా ఉండాలంటే: ప్రాథమిక పాఠశాల టీచర్లకు సమగ్ర మార్గదర్శి

మధ్యాహ్నం పన్నెండున్నర. గంట కొట్టగానే పిల్లలు ప్లేట్లు పట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తారు. రెండో తరగతి పాప ఒకతి అందరికన్నా ముందే చేరింది. కానీ కుళాయి తిప్పలేదు. పక్కకు జరిగి, ప్లేటు గుండెకు ఆనించుకుని నిలబడింది. ఊళ్లో నుంచి వచ్చే పిల్లలంతా కడుక్కుని వెళ్లాక, అప్పుడు వెళ్లి చేతులు కడుక్కుంది. ఆమెను ఎవరూ ఆపలేదు, ఒక్క మాట అనలేదు. తన వంతు ఎప్పుడో ఏడేళ్ల పిల్లకు తెలుసు.

పల్నాడులో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు బదిలీ మీద వెళ్లిన మొదటి వారంలో నేను చూసిందిది. ఆ రోజు పొద్దున్నే అసెంబ్లీలో ఆ పిల్లలే చెయ్యి చాపి, మనమంతా సహోదరులమని ప్రతిజ్ఞ చేశారు. ఆ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసింది మనవాడే, నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. దేశమంతా రోజూ చదివే ఆ మాటకూ కుళాయి దగ్గరి వరసకూ మధ్య ఎంత దూరం ఉందో, మన పని అంత ఉంది.

ఇది ఉపన్యాసాలతో జరిగే పని కాదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరు వడ్డిస్తారు, చీపురు ఎవరి చేతిలో ఉంటుంది, టీచర్ ఎవరిని ఏమని పిలుస్తుంది: ఇలాంటి చిన్న ఏర్పాట్లతో జరుగుతుంది. ఇవన్నీ టీచర్ చేతిలో ఉన్నవే. ఎవరి జీవో కోసమూ ఆగక్కర్లేదు. పదిహేడేళ్లలో మూడు బళ్లలో చేసి చూసినవాటిని వరసగా చెబుతాను. మీ ఊరిని బట్టి మార్చుకోండి.

మొదటి వారం: చూడండి, రాసుకోండి, ఏమీ మార్చకండి

బడికి కొత్తగా వెళ్లినా, జూన్‌లో బడి తెరిచినా, మొదటి వారం చేతులు కట్టుకుని గమనించడమే పని. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నాలుగు చోట్ల చూడాలి: కుళాయి, భోజనం వరస, ఆట స్థలం, ఇంటి గంట కొట్టాక గేటు. తరగతి గదిలో మీరున్నారని పిల్లలు జాగ్రత్తగా ఉంటారు, ఆ నాలుగు చోట్ల మామూలుగా ఉంటారు. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి తినొచ్చే పిల్లలెవరు? ఇంటి నుంచి ప్లేటు, గ్లాసు విడిగా తెచ్చుకునేదెవరు? టీచర్ మంచినీళ్లు అడిగితే ఎవరు లేస్తారు, ఎవరు లేవరు? పేర్లతో సహా రాసుకోండి.

వారం చివర ఒక్కొక్కరినీ విడిగా పిలిచి రెండే ప్రశ్నలు అడగండి. "ఆటకు ఎవరిని పిలుస్తావు?" "పక్కన ఎవరు కూర్చుంటే నీకిష్టం?" ఇద్దరిద్దరి పేర్లు చాలు. ఎవరంటే ఇష్టం లేదని మాత్రం ఎప్పుడూ అడగకండి. ఆ ప్రశ్న గదిలో నుంచి బయటికి వెళ్లి గొడవగా తిరిగొస్తుంది. తర్వాత ఒక కాగితం మీద పిల్లకో సున్నా చొప్పున గీసి, ఎవరు ఎవరి పేరు చెప్పారో బాణాలు వేయండి.

నా తరగతిలో ఇరవై రెండు సున్నాలు. ఊరి పిల్లల బాణాలు ఊళ్లోనే తిరిగాయి, పల్లె (మా వైపు దళితవాడను అలాగే అంటారు) పిల్లలవి పల్లెలోనే తిరిగాయి. రెండిటి మధ్య దాటినవి రెండే బాణాలు. తండా నుంచి వచ్చే ముగ్గురు ఒకరినొకరు చెప్పుకున్నారు. ఒక్క బాణం కూడా రాని సున్నా ఒకటి మిగిలింది. కుళాయి దగ్గర ఆగిన పాపదే అది. ఆ కాగితాన్ని బీరువాలో తాళం వేసి పెట్టాను. మీరూ అలాగే దాచండి, మళ్లీ నవంబరులో అవసరం పడుతుంది.

ముందు మన నోరు, మన అలవాట్లు

రెండో మెట్టు పిల్లలది కాదు, మనది. స్టాఫ్ రూమ్‌లో "ఆ కాలనీ పిల్లాడు", "తండా బ్యాచ్", "ఆ సాయిబుల పాప" అనే మాటలు ఎంత తేలిగ్గా దొర్లుతాయో మనకు తెలుసు. తలుపు అవతల పిల్లలు వింటూనే ఉంటారు. పిల్లను పేరుతో పిలవాలి, ఇంట్లో పలికినట్టే పలకాలి. తండా పిల్లల పేర్లు, ఉర్దూ పేర్లు మన నోటికి సులువుగా లేవని కుదించేయకండి. అమ్మ ఎలా పిలుస్తుందో అడిగి నేర్చుకోండి, మొదటి నెలలో అది మీ హోంవర్క్.

కులం సంగతి మరీ జాగ్రత్త. యూడైస్ (ప్రభుత్వానికి పంపే బడి లెక్కలు) వివరాలకనో, కుల ధ్రువీకరణ పత్రాలకనో "ఎస్సీలు లేచి నిలబడండి, బీసీలు చేతులెత్తండి" అనడం చాలా బళ్లలో అలవాటు. చెడు ఉద్దేశంతో కాదు, పని తొందరగా తెమలాలని అంటారు. అయినా అది పిల్లలకు ఎంత చేటో చెప్పే ప్రయోగం ఒకటుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు "దారి కనుక్కో" లాంటి చిక్కు బొమ్మలు ఇచ్చి చేయించారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు, అగ్రకులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. పని మొదలయ్యే ముందు అందరి ఎదుట ప్రతి పిల్లాడి పేరూ కులమూ చదివి వినిపించాక దళిత పిల్లల ఫలితాలు బాగా పడిపోయాయి. పిల్లలు వాళ్లే, తెలివి అదే. ఈ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. వీటి గురించి చదివిన రోజున నేను అంతవరకు ఎంతమందిని అలా లేపి నిలబెట్టానో లెక్క వేసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు.

కాబట్టి వివరాలన్నీ జూన్‌లో తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆఫీసు గదిలో విడిగా తీసుకోండి. మిగిలిపోయిన పత్రం ఉంటే ఒక చీటీ మడిచి పిల్ల చేతికిచ్చి పంపండి. తరగతిలో కులం పేరు మీ నోటి వెంట రాకూడదు.

ఇక పనుల పంపకం. గది ఊడవడం, బోర్డు తుడవడం, నీళ్లు పోయడం, గంట కొట్టడం, జెండా కట్టడం, హాజరు పట్టీ తేవడం: మన బళ్లలో ఇవి ఎవరికెవరికి వెళ్తున్నాయో మీ నోటుబుక్కులో ఇప్పటికే ఉండాలి. చీపురు ఆడపిల్లలకో పల్లె పిల్లలకో, గంట ఊరి పెద్దల పిల్లలకో వెళ్తుంటే మీరు చెప్పే పాఠం ఏదైనా పిల్లలు నేర్చుకునేది ఈ పంపకమే. ఒక అట్ట మీద వంతుల పట్టీ రాసి గోడకు కట్టండి. పనుల పేర్లు ఒక వైపు, హాజరు పట్టీ వరసలో పేర్లు మరో వైపు. సోమవారం సోమవారం ఒక్కో పేరు కిందికి జరగాలి. మగపిల్లలకూ చీపురు వస్తుంది, అందరికీ గంట వస్తుంది. పట్టీ పెట్టిన మొదటి వారం చీపురు నేనే పట్టుకున్నాను. మరుగుదొడ్లు మాత్రం ఏ పిల్లతోనూ కడిగించకూడదు, అది పట్టీలో ఉండనే ఉండకూడదు.

పంక్తి: అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం

బడిలో కలిసి ఉండడమంటే ఏమిటో తేలేది అన్నం దగ్గరే. మన ఊళ్లలో వేరు చేయడం మొదలయ్యేదీ అక్కడే, నీళ్ల దగ్గరా అన్నం దగ్గరా. వేడి వేడిగా వండిన భోజనం బడిలోనే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20న ఇచ్చిన మరో ఆదేశంలో వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలంది. పిల్లల ఆకలి ఒక్కటే కాదు, ఎవరి చేతి వంట ఎవరు తింటారన్నదీ కోర్టు మనసులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఏ వేళకు ఎవరు తలుపు తట్టినా అన్నం పెట్టిన తల్లి ఆమె. పిల్లలకు ఆమె కథ చెప్పండి, పేరు గోడ మీద ఊరికే ఉండిపోకూడదు.

ఏర్పాటు ఇలా చేసుకోండి. వరసలు తరగతి వారీగా కాకుండా కలిపి వేయండి. ఐదో తరగతి పిల్ల, పక్కన ఒకటో తరగతి పిల్లాడు, ఆ పక్కన మూడో తరగతి. పెద్దపిల్ల పక్కనున్న చిన్నవాడికి గుడ్డు పెంకు ఒలవాలి, నీళ్లు అందించాలి. జోడీలు మీరు వేయండి, రెండు వారాలకోసారి మార్చండి. "ఇష్టమొచ్చిన చోట కూర్చోండి" అంటే మీ కాగితం మీది బాణాల ప్రకారమే కూర్చుంటారు. ప్లేట్లు బడివే వాడండి, అందరివీ ఒకే రకం, ఒకే బుట్టలో. వడ్డనకు కూడా వంతుల పట్టీ పెట్టండి. పల్లె పిల్ల గరిటె పట్టుకుని ఊరి పిల్లల ప్లేట్లో పప్పు వేయాలి, ఊరి పిల్లాడు పల్లె పిల్లలకు అన్నం వేయాలి. వేడి గిన్నెల దగ్గర పెద్దవాళ్లు ఉండాలి, పిల్లలకు గుడ్లు, అరటిపళ్లు, చిక్కీ, మజ్జిగ లాంటివి ఇవ్వండి. వడ్డించే ముందు టీచర్ రుచి చూడాలన్న నిబంధన ఎలాగూ ఉంది. దాన్ని ఒక ముద్దతో సరిపెట్టకండి. అదే పంక్తిలో, అదే నేల మీద, అదే ప్లేటుతో కూర్చుని తినండి. పిల్లలు చూసేది మీ క్యారేజీనే.

ఆ ఊళ్లో మా ఆయమ్మ పల్లెకు చెందినావిడ. ఆమె వంటకు కుదిరిన నెలలోనే ఒక పెద్దాయన బడి గేటు దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండానే అన్నాడు: "మేడం గారూ, మా మనవడికి మీ భోజనం పడటం లేదు. పన్నెండింటికి ఇంటికి పంపండి." పడకపోవడం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆయమ్మ అక్కడే బియ్యం కడుగుతోంది, వింటోంది. నేను వాదనకు దిగలేదు. "పెదనాన్నా, పిల్లాడికి ఒంట్లో బాగోకపోతే డాక్టరు చీటీ తెండి, వేరే ఏర్పాటు చేస్తాను. అది కాకపోతే ఒక్క పిల్లాణ్ని విడిగా పంపే పద్ధతి బడిలో లేదు. మీరు కూడా ఓ రోజు వచ్చి మాతో తినండి" అన్నాను. ఆయన మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

తర్వాత రెండు వారాలు ఆ పిల్లాడు పంక్తిలో కూర్చున్నాడు గానీ ముద్ద ముట్టలేదు. నేను బలవంతం చేయలేదు, అందరి ముందు అడగలేదు. రోజూ అతని పక్కనే కూర్చుని తిన్నాను, అంతే. మూడో వారం గుడ్డు కూర రోజున, పక్కనున్న ఒకటో తరగతి పిల్లాడు తన గుడ్డు ఒలవమని అతని చేతిలో పెట్టాడు. ఒలిచి ఇచ్చాడు. తర్వాత నా వైపు చూసి, చాలా మెల్లగా, "టీచర్, నాకూ పెట్టించండి" అన్నాడు. ఆయమ్మ లేచి తనే వచ్చి వేసింది. వేస్తూ ఏమీ అనలేదు, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ పెద్దాయన ఇప్పటికీ మా పంక్తికి రాలేదు. మనవడు మాత్రం ఐదో తరగతి అయ్యేదాకా బడిలోనే తిన్నాడు.

ఇలాంటి మాట మీ దగ్గరికి వచ్చినప్పుడు మూడు గుర్తుంచుకోండి. ఒకటి, మినహాయింపు ఇవ్వకండి. ఒకరికి ఇస్తే వారంలో పదిమంది అవుతారు. రెండు, పిల్లవాణ్ని శిక్షించకండి, అది అతని నిర్ణయం కాదు. మూడు, వండే మనిషిని మరచిపోకండి. ఆమెకు అసెంబ్లీలో దండం పెట్టించండి, పిల్లల చేత "ఆయమ్మ" అని గౌరవంగా పిలిపించండి. పెద్దలు ఊరంతా కట్టకట్టుకుని పిల్లల్ని మాన్పిస్తామని వస్తే అది మీ ఒక్కరి పని కాదు. ప్రధానోపాధ్యాయుల (హెచ్‌ఎం) ద్వారా మండల విద్యాధికారికి (ఎంఈవోకు) రాతపూర్వకంగా తెలియజేయండి. అంటరానితనం ఏ రూపంలో ఉన్నా రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది, దాని మీద చట్టాలున్నాయి.

శాకాహారుల పిల్లలకు గుడ్డు వద్దంటే అది వేరే సంగతి. గుడ్డు బదులు పండు ఇవ్వండి, అదే పంక్తిలో ఇవ్వండి. తిండి ఎంపిక వేరు, వండిన చేతిని బట్టి వద్దనడం వేరు. పిల్లలకూ ఈ తేడా నెమ్మదిగా తెలియాలి. "నిన్న ఇంట్లో ఏం కూర?" అని తరగతిలో అందరినీ అడగడం మానేయండి. ఒక పిల్ల మాంసం అంటుంది, ఇంకొకరు నవ్వుతారు, ఆ పిల్ల మర్నాటి నుంచి అబద్ధం చెప్పడం నేర్చుకుంటుంది. ఏమీ వండని ఇల్లు కూడా ఉంటుంది.

కలిసి చేసే పని కావాలి, పోటీ కాదు

పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన పిల్లలు కలవరు. అమెరికాలో నల్లజాతి, తెల్లజాతి పిల్లల్ని ఒకే బడిలో కలిపాక 1971లో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో గొడవలు ఎక్కువయ్యాయి. ఎలియట్ అరోన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గదిలోకి వెళ్లి చూస్తే, టీచర్ ప్రశ్న అడగడం, చేతులెత్తడం, ఒకరు గెలిచి మిగతావాళ్లు ఓడటం, అంతా పోటీయే. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. ఎవరి ముక్క వాళ్లు చదివి మిగతావాళ్లకు చెప్పాలి. అందరి ముక్కలూ కలిస్తేనే పాఠం పూర్తవుతుంది. పక్కవాడు చెప్పేది వినకపోతే తనకే నష్టం. అందుకని విన్నారు.

మన నాలుగు, ఐదు తరగతులకు ఇది చక్కగా సరిపోతుంది. "మన ఊరి నీళ్లు" అని పెట్టుకోండి. నలుగురికో జట్టు, ఒకరికి చెరువు, ఒకరికి బావి, ఒకరికి బోరు, ఒకరికి కుళాయి. ప్రతి జట్టులో ఊరు, పల్లె, తండా కలవాలి, ఆడా మగా కలవాలి. ముందు ఒకే ముక్క వచ్చిన వాళ్లంతా ఒకచోట చేరి మాట్లాడుకుంటారు, ఆ తర్వాత సొంత జట్టుకు వెళ్లి చెబుతారు. చదవడం సరిగా రాని పిల్లకు ఇక్కడ ముందే సాయం దొరుకుతుంది, నలుగురిలో తలదించుకునే పని ఉండదు. మొదటి రెండుసార్లు గందరగోళంగానే ఉంటుంది. మూడోసారికి కుదురుతుంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా పనిచేసింది ఊరి పటం. నాలుగో తరగతి పిల్లలకు, ఎవరి పేటల వాళ్లను వాళ్ల వాళ్ల జట్లుగా ఉంచి (ఈ ఒక్కసారికే అలా ఉంచాను), చార్టు మీద ఊరి పటం గీయమన్నాను. ఊరి పిల్లలు రామాలయం, సెంటర్, ఓవర్‌హెడ్ ట్యాంకు, బడి గీసి ఆపేశారు. పల్లె పిల్లలు చర్చి, వాళ్ల బోరు, బడికొచ్చే దారి గీశారు. తండా పిల్లలు మిరప చేలు, నాగార్జునసాగర్ కుడి కాల్వ మేజరు (పొలాలకు నీళ్లు తెచ్చే కాల్వ), దాని అవతల తమ ఇళ్లు గీశారు. మూడు చార్టుల్లోనూ ఉన్నది బడి ఒక్కటే. నేల మీద పరిచి కలపమన్నాను. అంచులు కలవలేదు. కాల్వ ఎటు పోతుందో వాదన మొదలైంది. ఊరి పిల్లాడు ఒకడు, "ఇక్కడ ఇళ్లే లేవు టీచర్" అని వేలు పెట్టి చూపించిన చోట తండా పాప ఇల్లుంది. ఆ పాప చార్టు మీద వంగి, "ఇదిగో మా ఇల్లు, ఇది మా మేకల దొడ్డి" అని మళ్లీ గీసింది.

శనివారం అందరం నడిచి వెళ్లాం. హెచ్‌ఎం గారి అనుమతి తీసుకుని, ఇద్దరు తల్లుల్ని వెంటబెట్టుకుని ఊరు, పల్లె, తండా తిరిగాం. మూడు చోట్లా ఒక్కో ఇంట్లో మంచినీళ్లు తాగాం. ఆ సోమవారం కొత్త పటం గీశారు, ఈసారి కలిసిన జట్లతో. అది నాలుగేళ్లు గోడ మీద ఉంది. మీ ఊళ్లో ఇది చేసేముందు దారిలో కాల్వలు, రోడ్లు, కుక్కలు చూసుకోండి, నీళ్లు తాగబోయే ఇళ్లవాళ్లకు ముందురోజే చెప్పండి.

ఆటల్లో ఒక్క జాగ్రత్త చాలు. జట్టు పెద్దలు ఒక్కొక్కరినీ ఏరుకునే పద్ధతి మాన్పించండి, ఆఖరున మిగిలేది ఎప్పుడూ ఆ పిల్లలే. పంటలు వేసుకుని జట్లు పంచుకోనివ్వండి, లేదా హాజరు నంబర్లలో సరి, బేసి వేయండి. ఊరికీ పల్లెకూ మ్యాచ్ మాత్రం ఎప్పుడూ పెట్టకండి. మ్యాట్ లో (Matt Lowe) అనే పరిశోధకుడు ఉత్తరప్రదేశ్‌లో కుర్రాళ్లతో క్రికెట్ లీగులు పెట్టి చూశాడు, 2021లో ఫలితాలు వచ్చాయి. వేర్వేరు కులాలవాళ్లు ఒకే జట్టులో ఆడితే స్నేహాలు పెరిగాయి. ఎదురు జట్లుగా ఆడితే తగ్గాయి. కబడ్డీ, ఖోఖో, ఏడు పెంకులాట ఏదైనా సరే, జట్టు లోపలే కలపాలి.

ఇంటి భాషకు బడిలో చోటు

గిడుగు రామమూర్తి గారిని వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా తలుచుకుంటాం, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. పర్లాకిమిడిలో ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం సవర భాషలో పుస్తకాలు తయారుచేసి, బళ్లు పెట్టించారు. పిల్ల ఇంటి భాషలోంచే చదువులోకి రావాలని ఆయనకు నూరేళ్ల కిందటే తెలుసు. విద్యా హక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలనే అంటుంది.

మీకు లంబాడీ, సవర, ఉర్దూ, ఒడియా రావాల్సిన పని లేదు. యాభై మాటలు నేర్చుకుంటే చాలు: నీళ్లు, ఆకలి, కడుపు నొప్పి, అమ్మ, ఇంటికి, బాగుంది, భయం. తరగతి గోడ మీద ఒక చార్టు పెట్టి, ఒకే వస్తువు పేరును పిల్లల ఇళ్లలో వాడే అన్ని మాటల్లోనూ తెలుగు లిపిలో రాయించండి. మా చార్టులో నీళ్ల పక్కన తండా పిల్లలు "పాణి" అని చెబితే, ఉర్దూ మాట్లాడే పాప లేచి "మాదీ పానీయే" అంది. ఆ ఇద్దరూ అంతకు ముందు మాట్లాడుకోగా నేను చూడలేదు. తెలుగులోనే యాసలు వేరైనా ఇదే సూత్రం. ఒక పిల్ల "ఆనిగెపుకాయ" అంటే, ఇంకొకరు "సొరకాయ" అంటే, రెండూ రాయండి. సరిదిద్దకండి.

వలస పిల్లల విషయం ఇంకొంచెం ఓపికగా చూడాలి. మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు వస్తాయి. ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి తెలంగాణ జిల్లాలకు వస్తాయి. చేల గట్ల మీద, బట్టీల పక్కన గుడిసెల్లో పిల్లలు తిరుగుతుంటారు. వయసు రుజువు లేదనో, టీసీ రాలేదనో చేర్చుకోకుండా ఉండటానికి చట్టం ఒప్పుకోదు. మీరే వెళ్లి పిలవండి. వచ్చిన పిల్లకు మొదటి రోజే ఒక జోడీని ఇవ్వండి, ఇద్దరైతే మేలు. మరుగుదొడ్డి ఎక్కడో, కుళాయి ఎక్కడో, ప్లేటు ఎక్కడో ఆ జోడీ చూపించాలి. మూడు నెలల్లో వెళ్లిపోతారని వెనక బెంచీ ఇవ్వకండి. వంతుల పట్టీలో వాళ్ల పేరు కూడా మొదటి వారమే ఎక్కాలి. వెళ్లేటప్పుడు ఎంతవరకు చదివారో ఒక కాగితం రాసి తల్లి చేతికివ్వండి.

పండుగలు

అన్ని మతాల వేషాలు వేయించి ఫొటో తీసుకోవడం సులువు. దాని వల్ల పెద్దగా ఏమీ జరగదు. మన ఊళ్లలో నిజంగా కలిసి చేసుకునే పండుగలు ఉన్నాయి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగకు అన్ని మతాలవాళ్లూ దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఉగాది రోజున దేవుని కడప వెంకటేశ్వరస్వామిని ముస్లింలు దర్శించుకుంటారు. రాయలసీమలో, తెలంగాణలో పీర్ల పండుగకు ఊరంతా కదులుతుంది. మీ ఊళ్లో అలాంటిదేముందో అవ్వాతాతల్ని అడిగి రమ్మని పిల్లలకు చెప్పండి.

తరగతిలో ఉన్న ఒక్క ముస్లిం పిల్లను లేపి రంజాన్ గురించి చెప్పమనడం, క్రైస్తవ పిల్లాణ్ని క్రిస్మస్ గురించి చెప్పమనడం వద్దు. మతమంతటి బరువు ఆ చిన్న భుజాల మీద పెట్టినట్టవుతుంది. తనంతట తాను చెబితే వినండి. పెద్దల చేతిపనులు చూపించేటప్పుడూ అంతే. డప్పు కొట్టే తాతను, నేతపని చేసే అమ్మను పిలవొచ్చు, పిలవాలి. ముందుగా ఇంటికి వెళ్లి అడిగి, బడిలో కుర్చీ వేసి, పేరు పక్కన "గారు" పెట్టి పిల్లలకు పరిచయం చేయండి. అది నేర్చుకోదగ్గ విద్యగా కనబడాలి. "మీ కులం పని" అన్న మాట రాకూడదు, ఆయన మనవడి వైపు వేలు చూపించకూడదు.

తల్లిదండ్రుల కమిటీ కాగితం మీద ఉంటే చాలదు

విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి, బలహీన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గట్టు చోటివ్వాలి. సంతకాల పుస్తకంలో అన్నీ సరిగ్గానే ఉంటాయి. మీటింగులో మాట్లాడేది మాత్రం ఆ ముగ్గురు నలుగురే.

మార్చడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. మీటింగు పొద్దున పదకొండుకు పెడితే కూలికి వెళ్లే తల్లి రాదు, వస్తే ఆ రోజు కూలి పోతుంది. సాయంత్రం ఆరున్నరకు పెట్టండి. కుర్చీలు అందరికీ లేకపోతే ఎవరికీ వేయకండి, పట్టాలు పరచి మీరూ కింద కూర్చోండి. గుండ్రంగా కూర్చుంటే వెనక వరస అనేది ఉండదు. మూడు మీటింగుల్లో ఒకటి పల్లెలోనో తండాలోనో పెట్టండి. మొదటి మాట ఎప్పుడూ మాట్లాడనివాళ్ల చేత మాట్లాడించండి, అదీ ఒక చిన్న ప్రశ్నతో: "అమ్మా, మీ పాప ఇంటికొచ్చి బడి గురించి ఏం చెబుతుంది?" ఆ ప్రశ్నకు జవాబు లేని తల్లి ఉండదు.

గొడవ జరిగిన రోజు

ఎంత చేసినా ఒక రోజు ఒక పిల్లాడు కులం పేరు పెట్టి తిడతాడు. లేదా "మీ దేశం వెళ్లిపో" అంటాడు. ఆ మాట ఇంట్లో విన్నదో, ఫోనులో చూసిందో. మీరు విననట్టు ఊరుకుంటే పడ్డ పిల్ల ఇక ఎప్పుడూ మీ దగ్గరికి రాదు.

అక్కడికక్కడే ఆటనో పాఠాన్నో ఆపండి. "ఈ మాట మన బడిలో లేదు" అని ఒక్క వాక్యం అందరికీ వినబడేలా చెప్పండి, ఉపన్యాసం వద్దు. ముందు పడ్డ పిల్ల దగ్గరికి వెళ్లండి. తిట్టినవాడి విచారణ తర్వాత. నీళ్లిచ్చి, పక్కన కూర్చుని, "నీ తప్పు ఏమీ లేదు" అని చెప్పండి. తర్వాత తిట్టినవాడితో విడిగా మాట్లాడండి: ఆ మాటకు అర్థం ఏమిటని అడగండి. చాలాసార్లు తెలియదు. కొట్టడం, మానసికంగా వేధించడం విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. పైగా కొడితే పిల్లవాడికి తిట్టు గుర్తుండదు, దెబ్బ గుర్తుంటుంది. వెంటనే "సారీ చెప్పు, షేక్‌హ్యాండ్ ఇవ్వు" అని ఇద్దర్నీ నిలబెట్టకండి. పడ్డ పిల్ల క్షమించడానికి సిద్ధంగా లేకపోవచ్చు, ఆ హక్కు ఆమెకుంది. ఆ వారంలో ఇద్దరికీ కలిపి ఒక పని ఇవ్వండి, మొక్కలకు నీళ్లు పోయడం లాంటిది. సాయంత్రం రెండు ఇళ్లకూ వెళ్లండి, ముందు పడ్డ పిల్ల ఇంటికి. ఏం జరిగిందో, ఏం చేశామో తేదీ వేసి రాసుకోండి.

అన్నది పెద్దవాళ్లైతే, తోటి టీచరైతే, దారి వేరు. నేను పనిచేసిన ఒక బడిలో నాకంటే సీనియర్ ఒకాయన పిల్లల్ని పేటను బట్టి వేరే బెంచీల్లో కూర్చోబెట్టేవారు. ఒకసారి విడిగా చెప్పి చూశాను, నవ్వి ఊరుకున్నారు. రాసివ్వడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాది ఆ పిల్లలకు తిరిగి రాదు. మీరు అంత ఆలస్యం చేయకండి.

నవంబరులో, ఫిబ్రవరిలో మళ్లీ ఆ కాగితం

జూన్‌లో అడిగిన రెండు ప్రశ్నలే నవంబరులో, ఫిబ్రవరిలో అడగండి. కొత్త బాణాలు వేసి పాత కాగితం పక్కన పెట్టి చూడండి. మా తరగతిలో ఊరికీ పల్లెకూ మధ్య దాటిన రెండు బాణాలు నవంబరుకు ఐదయ్యాయి, ఫిబ్రవరికి పదకొండు. అంతకన్నా ఎక్కువ కాలేదు. కొన్ని సున్నాలు ఒంటరిగానే ఉంటే వాటి కోసం జోడీలు మార్చండి, తల్లితో మాట్లాడండి, ఆ పిల్లకు ఏది బాగా వచ్చో కనుక్కుని అది నలుగురిలో చేసే అవకాశం ఇవ్వండి. మా కుళాయి పాపకు ముగ్గు బాగా వచ్చు. సంక్రాంతి సెలవుల ముందు బడి ముందర ముగ్గు వేసే జట్టుకు ఆమెను పెద్దను చేశాను. ఫిబ్రవరి కాగితంలో ఆమెకు మూడు బాణాలు వచ్చాయి, వాటిలో రెండు ఊళ్లోవి.

బదిలీ వస్తే ఇదంతా మీతో వెళ్లిపోకూడదు. తర్వాత వచ్చే టీచర్‌కు ఆ నోటుబుక్కు చేతికివ్వండి. బాణాల కాగితాలు మాత్రం అందులో పెట్టకండి, అవి పిల్లల మనసులో మాటలు, చించేయండి. భోజనం జోడీల జాబితా, ఏ తల్లి ఏ వేళకు ఇంట్లో ఉంటుందో, ఏ పిల్ల పేరు ఎలా పలకాలో, తండాకు వెళ్లే దగ్గరి దారి, వలస పిల్లలు ఏ నెలలో వస్తారో రాయండి. ఆఖరి పేజీలో వంతుల పట్టీ ఈ వారం ఏ పేరు దగ్గర ఆగిందో రాయండి. సోమవారం గంట కొట్టాల్సింది ఆ కింది పేరు.